ఆక్సిజన్ పెట్టారంటే ఆశ వదిలేసినట్టేనా?

పిల్లల డాక్టరుకు మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పిల్లల ఐసియు గురించి నాలుగు మాటలు రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆక్సిజన్ గురించే. మందుల గురించి అడిగినవాళ్లు తక్కువ. ఆ మాట వినగానే కాళ్లూ చేతులూ ఆడలేదని రాసినవాళ్లు ఎక్కువ. 2021 వేసవిలో కోవిడ్ రెండో అల, అప్పటి ఆక్సిజన్ కొరత మన హైదరాబాద్ జనానికి ఇంకా గుర్తున్నాయి మరి. అందుకే ఈసారి దగ్గు, జలుబు, అన్నం తినకపోవడం పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఒకే రకం ఉత్తరాలను కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఐదు రోజులు జ్వరం దిగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు. అపెండిక్స్ ఏమోనని తీసుకెళ్తే, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ బాగా ఎక్కువగా ఉంది, గుండె పంపింగ్ తగ్గింది అని ఐసియులో చేర్చుకున్నారు. వెళ్లగానే ఆక్సిజన్ పెట్టారు. వేలి మిషన్‌లో 97 ఉంది, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. మరి ఆక్సిజన్ ఎందుకు? మా ఆడపడుచు అయితే "ఆక్సిజన్ దాకా వచ్చిందంటే ఇంకేముంది" అని అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. బాబు ఇంటికొచ్చేశాడు, బాగున్నాడు. కానీ నా అనుమానం తీరలేదు. ఒకసారి పెడితే దానికే అలవాటు పడతారని కూడా అంటున్నారు.
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: మీ ఆడపడుచు గారికి ముందు ఈ ముక్క చదివి వినిపించండమ్మా. పిల్లల ఎమర్జెన్సీలో ఆక్సిజన్ చాలాసార్లు మొదట చేసే పని. సూది ఎక్కించడానికి నరం దొరక్కముందే, రక్తం రిపోర్టులు రాకముందే అది పెట్టేస్తాం. దాన్ని చూసి జబ్బు ఏ దశలో ఉందో లెక్క కట్టకూడదు.

మీరు రాసిన లక్షణాలు రెండు జబ్బుల్లో కనిపిస్తాయి. ఒకటి కవసాకి. జపాన్‌కు చెందిన డాక్టర్ తొమిసాకు కవసాకి 1967లో దీని గురించి రాశారు. రెండోది కోవిడ్ సోకిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత కొందరు పిల్లల్లో వచ్చే మిస్-సి. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు దీని గురించి మొదట హెచ్చరించారు. మన దగ్గర కోవిడ్ అలలు తగ్గి, అందరూ ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో పిల్లల వార్డులకు ఈ కేసులు వచ్చాయి. ఇప్పుడు అరుదు. రెండింటిలోనూ మన రోగనిరోధక శక్తే అదుపు తప్పి రక్తనాళాల మీద, గుండె కండరం మీద పడుతుంది. నాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, గుండె నీరసిస్తుంది, బీపీ పడిపోతుంది. ఊపిరితిత్తులు మాత్రం శుభ్రంగా ఉండొచ్చు. మీ బాబు విషయంలో జరిగింది ఇదే అనిపిస్తోంది.

ఇక 97 సంగతి. రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండి ఉందో ఆ అంకె చెబుతుంది, అంతే. ఆ రక్తం మెదడుకీ కిడ్నీలకీ ఎంత చేరుతోందో చెప్పదు. సంపు నిండా మంజీరా నీళ్లున్నా మోటారు నీరసంగా తిరుగుతుంటే మూడో అంతస్తులో కుళాయి రాదు కదా, అలాంటిదే. దీనికి తోడు రక్తహీనత ఒకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువే. హిమోగ్లోబిన్ 7 ఉన్న పిల్లకూ 13 ఉన్న పిల్లకూ మిషన్ ఒకే 97 చూపిస్తుంది. మొదటి పిల్ల రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్ మాత్రం రెండో పిల్లదాంట్లో దాదాపు సగమే.

నిజం చెప్పాలంటే, 97 ఉన్నప్పుడు అదనంగా ఇచ్చే ఆక్సిజన్ వల్ల రక్తంలో పెరిగేది కొంచెమే. మీ బాబును కాపాడింది ఐవిఐజి (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు), స్టెరాయిడ్లు, గుండెకు బలమిచ్చే మందులు, కొలిచి కొలిచి ఇచ్చిన సెలైన్. మరి ఎందుకు పెట్టారంటే, షాక్‌లో, అంటే అవయవాలకు రక్తం సరిగ్గా అందని స్థితిలో, ఉన్న పిల్లల చేతులు చల్లబడి ఉంటాయి, వేలి మిషన్‌కు నాడి సరిగ్గా అందదు. ఆ మొదటి గంటలో 97 నిజంగా 97 అని నమ్మి కూర్చోలేం. ఉన్న ఆ కాస్త వెసులుబాటునూ వదులుకోలేం. గుండె కోలుకున్నాక, చేతులు వెచ్చబడ్డాక, మూత్రం ధారాళంగా వస్తున్నాక తీసేస్తాం.

అలవాటు పడటమన్నది లేదు. తీయగానే అంకె పడిపోయిందంటే జబ్బు ఇంకా తగ్గలేదని అర్థం. మళ్లీ పెట్టి, ఒక పూట ఆగి చూస్తారు.

మీరు అడక్కపోయినా ఒక మాట. ఐవిఐజి ఇచ్చి ఉంటే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలను 11 నెలలు వాయిదా వేయాలి. స్కూల్లో టీకాల క్యాంపు పెట్టినప్పుడు ఈ సంగతి చెప్పండి. బాబు ఇంకా ఆస్పిరిన్ వేసుకుంటున్నట్టయితే, చుట్టుపక్కల ఎవరికైనా ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వచ్చిన రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: కోవిడ్ అప్పుడు కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఇంట్లో ఉంది. మా పాపకు 14 నెలలు. జ్వరం వచ్చినప్పుడల్లా పెట్టి చూస్తాను. ఒకసారి 91, మరుక్షణం 98, మళ్లీ 86. రాత్రంతా టెన్షన్. గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్ మిషన్ ఒకటి కొని పెట్టుకోమంటారా? మెడికల్ షాపులో ఆక్సిజన్ డబ్బాలు కూడా అమ్ముతున్నారు.
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, ఆ మిషన్ పెద్దవాళ్ల వేలికి చేసింది. 14 నెలల పాప వేలు అందులో వదులుగా వేలాడుతుంది. జపాన్ ఇంజినీరు తకువో అవొయాగి 1970ల తొలినాళ్లలో కనిపెట్టిన సూత్రం మీద ఇది పనిచేస్తుంది. వేలిలోంచి ఎర్ర కాంతి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా ఏది ఎంత ఇంకిందో లెక్కేస్తుంది. కాబట్టి నాడి అందాలి, వేలు కదలకూడదు. పాప కాలు తన్నిన ప్రతిసారీ మీకు 86 కనిపిస్తుంది. ఆస్పత్రిలో ఇంత చిన్నపిల్లలకు పాదానికి చుట్టే మెత్తటి పట్టీ లాంటి సెన్సర్ వాడతాం.

కాస్త పెద్ద పిల్లలకు ఇంట్లో చూడాల్సి వస్తే చెయ్యి వెచ్చగా ఉండాలి, ఏసీ గాలి తగలకూడదు. నెయిల్ పాలిష్ తీసేయండి. నల్ల మెహెందీ పెట్టిన వేలు వదిలేసి కాలి వేలికి పెట్టండి. ఆషాఢంలో పెట్టే ఎర్ర గోరింటాకుతో అంత పేచీ లేదు గానీ అనుమానముంటే అదీ వదిలేయండి. అంకె కనీసం అర నిమిషం నిలకడగా ఉన్నాకే నమ్మండి. పక్కనే చూపించే నాడి వేగం, మీరు ఛాతీ మీద చెయ్యి పెట్టి లెక్కించినదానికి దగ్గరగా లేకపోతే ఆ సాచురేషన్ (ఆక్సిజన్ శాతం) అంకెను పట్టించుకోవద్దు. నిలకడగా 94 కంటే తక్కువ ఉంటే డాక్టరును సంప్రదించండి, 90 కంటే తక్కువైతే బయల్దేరండి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఈ మిషన్లు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తాయని 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా చెప్పింది. అందుకే నలుపు, చామనఛాయ పిల్లల్లో 92, 93ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ నా మాట వింటే మిషన్ పక్కన పెట్టి పాపను చూడండి. చొక్కా విప్పి, నిద్రపోతున్నప్పుడో ప్రశాంతంగా ఉన్నప్పుడో పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలలోపు శిశువులో 60, ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40, లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టే. డొక్కలు ఎగరేస్తోందా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతోందా? పాలు వదిలేసిందా? పిలిస్తే మత్తుగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిషన్‌లో 98 ఉందని ఇంట్లో ఆగకండి. నాలుక, పెదాలు నీలంగా మారేదాకా చూడటం అసలే వద్దు, అది చాలా ఆలస్యంగా కనిపించే గుర్తు.

కాన్సన్‌ట్రేటర్ వద్దు. దీర్ఘకాలం ఊపిరితిత్తుల జబ్బున్న పిల్లలకు డాక్టరు రాసిస్తేనే అది. ఇంట్లో ఉంటే ఆస్పత్రికి వెళ్లాల్సిన పిల్లను ఇంకో పూట ఇంట్లోనే ఉంచేస్తారన్నది నా భయం. డబ్బాలంటారా, అవి కొద్ది నిమిషాల్లో అయిపోతాయి. ఆ డబ్బులతో పాపకు ఫ్లూ టీకా వేయించండి.

ప్రశ్న: నా మనుమరాలికి రెండేళ్లు. నిమ్ముతో ఆస్పత్రిలో ఉంది. మూతికి మాస్కు పెడితే పీకేస్తోంది. కొంచెం దూరంగా పట్టుకుంటే సిస్టరు ఒప్పుకోలేదు. ముక్కు మండుతోందని పెదాలకు, ముక్కుకు వాజిలైన్ రాస్తే కోప్పడింది. సాయంత్రం కర్పూరం వెలిగించి దిష్టి తీద్దామంటే వార్డంతా వినబడేలా అరిచింది. నేను చేసింది అంత తప్పా?
— ఒక అమ్మమ్మ, ఎల్.బి.నగర్

జవాబు: సిస్టరు అరిచింది మంచికేనమ్మా. ఆక్సిజన్ తనంతట తాను అంటుకోదు. కానీ అది ఉన్నచోట దుప్పటి, జుట్టు, గుడ్డ ఏదైనా చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి. కర్పూరం, అగరుబత్తి, సాంబ్రాణి, బయట నుంచి వచ్చి బీడీ కోసం అగ్గిపుల్ల గీసే తాతగారు, ఏవీ ఆ గదిలో ఉండకూడదు. దిష్టి తీయాలనే ఉంటే గుప్పెడు కల్లుప్పు తిప్పి బయట నీళ్లలో కలిపేయండి, నిప్పు లేని దిష్టికి నా అభ్యంతరం లేదు. వాజిలైన్, జిడ్డు బామ్‌లు కూడా అందుకే వద్దు. ముక్కు ఎండిపోతే నీటితో చేసిన జెల్ గానీ సెలైన్ చుక్కలు గానీ సిస్టరే ఇస్తుంది.

మాస్కును జానెడు దూరంగా పట్టుకుంటే ఆక్సిజన్ చాలావరకు గదిలోకే పోతుంది. పాప నిద్రపోయాక సరిగ్గా పెట్టొచ్చు, లేదా ముక్కులో పెట్టే చిన్న గొట్టాలు అడగండి. ఈ వయసుకు వాటినే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మంచివంటుంది. నిమిషానికి ఒకటి రెండు లీటర్లతో మొదలుపెడతారు. ముందు రెండు చెంపలకూ టేపు అంటించి, ఆ తర్వాత ఆక్సిజన్ తిప్పితే పిల్లలు అంత బెదరరు. ముక్కులోకి ఉన్నట్టుండి చల్లగాలి కొడితే ఎవరికైనా చిరాకే. ఆయాసం మరీ ఎక్కువ లేకపోతే గొట్టాలతోనే పాలు తాగొచ్చు, తల్లి ఒళ్లో కూర్చోవచ్చు. ఏడ్చే పిల్లకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది కాబట్టి ఆ ఒడి కూడా వైద్యంలో భాగమే.

ఇంకో సంగతి మీలాంటి పెద్దవాళ్లకే అప్పజెప్తాను. గోడకున్న సీసాలో బుడగలు వస్తున్నాయంటే పాపకు ఆక్సిజన్ అందుతున్నట్టు కాదు. మంచం దగ్గర గొట్టం ఊడిపోయినా సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి. పాప ఒకరి ఒడి నుంచి ఇంకొకరి ఒడికి మారినప్పుడల్లా గొట్టం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడండి. పాప ముక్కు దగ్గర గాలి తగులుతోందా అని మీ చెయ్యి పెట్టి చూడండి.

ప్రశ్న: నేను నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పిల్లల వార్డులో ఒక పాపకు సాచురేషన్ 99 ఉంటే సార్ ఆక్సిజన్ తగ్గించమన్నారు. తగ్గిస్తే 95కు వచ్చింది. "బాగున్న పిల్లకు తగ్గించారు" అని తల్లిదండ్రులు గొడవ చేశారు. 100 ఉంటే ఇంకా మంచిదే కదా మేడం?
— ఒక విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: కాదు తల్లీ. ఈ ప్రశ్న అడిగినందుకు నీకు మంచి మార్కులు వేస్తాను.

1940లు, 50ల్లో అమెరికా, యూరప్ దేశాల్లో నెలలు నిండకుండా పుట్టిన శిశువులను ఇంక్యుబేటర్లలో పెట్టి ఆక్సిజన్ ఎడాపెడా ఇచ్చారు. వేలమంది పిల్లలకు చూపు పోయింది. ఎక్కువ ఆక్సిజన్ వల్ల కంటి వెనక పొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరుగుతాయని తేలేసరికి చాలా ఆలస్యమైంది. ఆస్ట్రేలియా డాక్టర్ కేట్ కాంప్‌బెల్ 1951లో ఈ అనుమానాన్ని కాగితం మీద పెట్టారు. ఈ జబ్బు పేరు ఆర్ఓపి. మన ఊళ్లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి లాంటి చోట్ల ఇప్పటికీ దీనికోసం శిశువులకు పరీక్షలు చేస్తున్నారు. 34 వారాల లోపు గానీ, 2 కిలోల కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండా కంటి పరీక్ష అయిందో లేదో డ్యూటీలో ఉన్న ప్రతిసారీ అడుగు.

పెద్ద పిల్లల కళ్లకు ఆ భయం లేదు. కానీ చిక్కని ఆక్సిజన్ రోజుల తరబడి ఇస్తే ఊపిరితిత్తులకే దెబ్బ. పైగా 100 అన్న అంకె నిన్ను మోసం చేస్తుంది. 100 దగ్గర కొలత ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి సరిపడా ఉన్నా 100, దానికి మూడు రెట్లున్నా 100. లోపల ఊపిరితిత్తులు పాడవుతున్నా మిషన్ చాలాసేపు 100 అనే అంటుంది. 95లో ఉన్న పిల్ల జారితే వెంటనే తెలుస్తుంది. మీ సార్ ఆలోచన ఇదే అయి ఉంటుంది.

బ్రిటన్‌లో 15 పిల్లల ఐసియులు కలిసి, వెంటిలేటర్ మీదున్న 2000 మందికి పైగా పిల్లల్లో సాచురేషన్ 88–92 మధ్య ఉంచడం మంచిదా, 94 పైన ఉంచడం మంచిదా అని చూశాయి. తక్కువలో ఉంచినవాళ్లకే ఫలితాలు కొంచెం మెరుగ్గా వచ్చాయి. 2023 చివర్లో లాన్సెట్ పత్రికలో ఇది వచ్చింది. ఇది చదివి వార్డులో 88 చాలనుకోకు. వాళ్లకు మంచానికొక నర్సు ఉంటుంది, మన వార్డులో నువ్వొక్కదానివి ఎంతమందిని చూస్తావో నాకు తెలుసు. వార్డులో నేను సాధారణంగా 92–96 మధ్య అడుగుతాను. గుండె లోపంతో పుట్టిన కొందరు శిశువులకు 75–85 చాలు, అంతకంటే పెంచితే రక్తమంతా ఊపిరితిత్తుల వైపు మళ్లి హాని జరుగుతుంది. అందుకే కేస్ షీట్‌లో లీటర్లు రాసి వదిలేయకుండా ఎంత సాచురేషన్ కావాలో కూడా రాయమని డ్యూటీ డాక్టరును అడుగు. మొహమాటపడకు.

తల్లిదండ్రులకు మాత్రం తగ్గించే ముందే చెప్పాలి. చెప్పకుండా తిప్పితే ఎవరైనా గొడవ చేస్తారు, నేనైనా చేస్తాను.

ప్రశ్న: మా బాబు ముక్కుకు లావు గొట్టాలు, పక్కన పెద్ద మిషన్ పెట్టారు. హై ఫ్లో అన్నారు. వెంటిలేటర్ పెట్టి మాకు చెప్పడం లేదా?
— మియాపూర్ నుంచి

జవాబు: వెంటిలేటర్ కాదండీ. అది వెచ్చజేసి, తడి కలిపిన గాలిని వేగంగా ముక్కులోకి పంపుతుంది. చిన్నపిల్లల్లో కిలో బరువుకు నిమిషానికి 2 లీటర్ల దాకా. అందులో ఆక్సిజన్ ఎంత శాతం ఉండాలో విడిగా నిర్ణయిస్తారు, మామూలు గాలిలో ఉండే 21 నుంచి 100 దాకా. బాబు మెలకువగానే ఉంటాడు, ఏడుస్తాడు, మిమ్మల్ని పిలుస్తాడు. వెంటిలేటర్ అయితే గొంతులోకి గొట్టం వేస్తారు, మత్తు ఇస్తారు, దానికి మీ సంతకం అడుగుతారు.

ఈ రెండింటి మధ్యలో సీపాప్ అని, ఊపిరితిత్తుల్లోకి గాలిని ఆగకుండా ఒత్తిడితో పంపే ఇంకో మెట్టుంది. దాని చవక రూపం బబుల్ సీపాప్. గొట్టం చివర నీళ్లలో ఎన్ని సెంటీమీటర్లు ముంచితే అంత ఒత్తిడి. ఢాకాలో డాక్టర్ జొబాయెర్ చిశ్తీ బృందం తీవ్రమైన న్యుమోనియా పిల్లల మీద దీన్ని పరీక్షించింది. మామూలుగా ఇచ్చే ఆక్సిజన్‌తో పోలిస్తే మరణాలు తగ్గాయని 2015లో చూపించింది. ఆయన చేసిన ఈ చవక పరికరం మొదలైంది ఒక షాంపూ సీసాతో. మిషన్ పెద్దదా చిన్నదా అని చూడకండి. ఇది పెట్టిన గంట రెండు గంటల్లో బాబు ఊపిరి వేగం, గుండె వేగం తగ్గాయా అని డాక్టరును అడగండి. తగ్గకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లడం ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: మా పాపను ఊళ్లోని నర్సింగ్ హోం నుంచి సిటీకి పంపారు. మేం మాట్లాడుకున్న అంబులెన్సులో సాగర్ రింగ్ రోడ్డు దగ్గరకు వచ్చేసరికి సిలిండర్ అయిపోయింది. పాపకు దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ముందే తెలుసుకునే మార్గం ఉందా?
— ఇబ్రహీంపట్నం నుంచి

జవాబు: ఉంది, చిన్న లెక్కే. అంబులెన్సుల్లో ఎక్కువగా ఉండే చిన్న సిలిండర్‌ను బి టైప్ అంటారు. నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 2 లీటర్లు వాడితే పన్నెండు గంటలు వస్తుంది. పెద్ద మాస్కుతో 10 లీటర్లు వాడితే రెండున్నర గంటలే. మీటరు ముల్లు సగంలో ఉంటే అందులోనూ సగం. ఎల్.బి.నగర్, మలక్‌పేట ట్రాఫిక్ దాటి నీలోఫర్ పిల్లల ఆస్పత్రి చేరేసరికి ఎంతవుతుందో మీకే తెలుసు. పడుతుందనుకున్న సమయానికి రెట్టింపు సరిపోయేలా చూసుకోండి. బయల్దేరే ముందు డ్రైవరుతో వాల్వు తిప్పించి ముల్లు చూపించమనండి, రెండో సిలిండర్ ఉందో లేదో, దాన్ని మార్చే స్పానర్ ఉందో లేదో అడగండి. సిలిండర్ ఉండి స్పానర్ లేని బండ్లు ఉంటాయి! 2021 ఏప్రిల్‌లో బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఖాళీ ట్యాంకర్లను ఒడిశాకు పంపి ఆక్సిజన్ తెప్పించుకున్నాం. అంత కష్టపడి తెచ్చుకునే ఆక్సిజన్ ఒక స్పానర్ లేక ఆగిపోతే ఎలా?

ఇంకొకటి, పంపే డాక్టరు చేత చేర్చుకునే ఆస్పత్రికి ఫోన్ చేయించండి. పాప ఎన్ని లీటర్ల మీద ఉందో, సాచురేషన్ ఎంతో, బీపీ ఎంతో చీటీ మీద రాయించుకోండి.

ప్రశ్న: మిస్-సి వచ్చి తగ్గిన పిల్లాడిని క్రికెట్ కోచింగ్‌కు ఎప్పుడు పంపొచ్చు?
— నాచారం నుంచి

జవాబు: గుండె మీద ప్రభావం పడి ఉంటే మూడు నుంచి ఆరు నెలలు పోటీ ఆటలు, పరుగు పందేలు వద్దు. అప్పుడు మళ్లీ ఎకో, ఈసీజీ తీసి గుండె డాక్టరు సరేనన్నాకే కోచింగ్. ఈలోగా స్కూలుకు పంపండి. పీఈటీ సార్‌కు చీటీ రాసివ్వడం మర్చిపోకండి.